సగం చట్టానికి చేయెత్తాలా, వద్దా?

ప్రశ్న: ఇళ్లలో పనిచేసేవాళ్ల హక్కుల కోసం నడుస్తున్న ఒక చిన్న సంఘంలో కొన్నేళ్లుగా ఉన్నాను. కనీస వేతనం, వారానికో సెలవు, ఫిర్యాదు చేసుకోవడానికి ఒక బోర్డు కావాలని అడుగుతూ వచ్చాం. ఇప్పుడు చట్టసభ ముందుకు ఒక బిల్లు వచ్చింది. మేం అడిగినవన్నీ దాదాపుగా ఉన్నాయి, కానీ యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లకు అది వర్తించదట. ‘గుడ్డికన్నా మెల్ల నయం, ముందు వచ్చింది తీసుకుందాం’ అంటున్నారు మా సంఘం పెద్దలు. నాకది నమ్మకద్రోహంలా అనిపిస్తోంది. రాజనీతిశాస్త్రం చదువుకున్నాను, న్యాయం గురించి రాసిన అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ అంటే ఇష్టం. మా అన్నయ్యేమో ఐదొందల ఏళ్ల నాటి ఇటలీ రాజకీయ రచయిత మాకియవెల్లి పేరు చెప్పి, ‘ఆదర్శాలు పరీక్షల్లో రాసుకోవడానికే, రాజకీయాల్లో ప్రాక్టికల్‌గా ఉండాలి’ అని నవ్వుతాడు. నేను నిజంగా అమాయకురాలినా? బిల్లును సమర్థించాలా, సంఘం వదిలి వచ్చేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు మీ అన్నయ్య సంగతి చూద్దాం, అది తేలిక కాబట్టి. మాకియవెల్లి పేరుతో ఆదర్శాలను వెక్కిరించేవాళ్లు చాలామంది ‘ది ప్రిన్స్’ 15వ అధ్యాయం దగ్గరే ఆగిపోతారు. మనుషులు ఎలా బతకాలన్నదే చూస్తూ, నిజంగా ఎలా బతుకుతున్నారో పట్టించుకోనివాడు చెడిపోతాడని అందులో ఉంటుంది. నిజమే, ఉంది. కానీ 1513లో అది రాస్తున్నప్పుడు ఆయన పరిస్థితి ఏమిటి? ఫ్లోరెన్స్ గణతంత్రంలో 1498 నుంచి ఉద్యోగం చేశాడు. 1512లో మెడిచీ కుటుంబం మళ్లీ అధికారంలోకి రాగానే ఆ ఉద్యోగం పోయింది. కుట్ర చేశాడన్న అనుమానంతో జైల్లో పెట్టి హింసించారు. అలాంటి మనిషి ఆ పుస్తకాన్ని దేనితో ముగించాడో చూడండి. 26వ అధ్యాయమంతా ఇటలీని విదేశీ సైన్యాల నుంచి విడిపించమని చేసిన ఆవేశపూరితమైన వేడుకోలే. అప్పటికి ఇటలీ అనే రాజ్యమే లేదు. అది ఏర్పడటానికి మరో మూడున్నర శతాబ్దాలు పట్టింది. ప్రాక్టికల్ మనుషుల కులగురువుగా చలామణి అయ్యే ఆయనకే ఇంత పెద్ద కల ఉంది మరి.

అయితే మీ అన్నయ్య మాటను ఇంతటితో కొట్టిపారేయకండి, అందులో పట్టుకోవాల్సింది ఒకటుంది. ‘ప్రాక్టికల్‌గా ఉండు’ అన్నది పైకి సలహాలా వినిపిస్తుంది, కానీ లోపల ఉన్నది జోస్యం. నువ్వు అడిగేది దొరకదు, ఇది మాత్రమే దొరుకుతుంది అని చెప్పడం. ఇది విలువల గురించిన మాట కాదు, జరగబోయేదాని గురించి చెప్పే మాట. అలాంటి మాటకు ఆధారం అడగొచ్చు. మినహాయింపు తీసేస్తే బిల్లు ఓడిపోతుందన్నదే మీ పెద్దల మాటలో దాగున్న జోస్యం కదా, ఎవరెవరు వ్యతిరేకిస్తారు? ఆ మాట వాళ్లే చెప్పారా, ఎవరైనా ఊహించారా? ఆ క్లాజు అసలు ఎవరు పెట్టించారు, ఎందుకు? ఆదర్శవాదులు ఈ ప్రశ్నలు అడగకుండా వెంటనే న్యాయం గురించి ఉపన్యాసం మొదలుపెడతారు. దాంతో వాస్తవాలు చెప్పే హక్కు అవతలివాళ్ల చేతికి పోతుంది. ‘న్యాయమే కానీ జరగదు’ అనేవాళ్లతో మీరు న్యాయం గురించి వాదిస్తే లాభం లేదు, దాన్ని వాళ్లు ముందే ఒప్పేసుకున్నారు. ‘జరగదు’ అన్న చోట పట్టుకోవాలి.

దీనికి నాకు తెలిసినంతలో గట్టి ఉదాహరణ బ్రిటన్‌లో బానిసత్వ రద్దు ఉద్యమం. 1787లో లండన్‌లో కొద్దిమంది కలిసి సంఘం పెట్టినప్పుడు వాళ్ల ముందు అచ్చం మీ ప్రశ్నే ఉంది. బానిసత్వాన్నే రద్దు చేయమని అడగాలా, బానిసల వ్యాపారాన్ని మాత్రమే ఆపమనాలా? గ్రాన్‌విల్ షార్ప్ మొదటిదే అడగాలన్నాడు. మిగతావాళ్లు రెండోదానికే మొగ్గారు. బానిసత్వం జోలికి వెళితే అది ఆస్తిహక్కు మీద దాడి అంటారు, పార్లమెంటు అసలు వినదు అని వాళ్ల లెక్క. దానికి తోడు ఓ ఆశ కూడా ఉంది. కొత్తగా మనుషుల్ని తెచ్చుకునే దారి మూసుకుపోతే యజమానులు ఉన్నవాళ్లను బాగా చూసుకోక తప్పదు, మెల్లగా ఆ వ్యవస్థే సడలిపోతుంది అనుకున్నారు. ఇరవయ్యేళ్ల పోరాటం తర్వాత 1807లో వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. లెక్కలో మొదటి సగం సరిపోయింది. రెండో సగం తప్పింది, బానిసత్వం ఎక్కడిదక్కడే ఉంది.

1823లో మళ్లీ కొత్త సంఘం పుట్టింది. దాని పేరులోనే ‘క్రమంగా రద్దు’ అని రాసుకున్నారు. పెద్దమనుషులు, పార్లమెంటు సభ్యులు, అనుభవజ్ఞులు అందులో ఉన్నారు. ఆ మరుసటి ఏడాది ఎలిజబెత్ హేరిక్ అనే మహిళ ఒక కరపత్రం అచ్చువేసింది. క్రమంగా వద్దు, వెంటనే రద్దు చేయాలి అన్నది దాని సారాంశం. ఆమెకు అప్పుడు ఓటు హక్కు కూడా లేదు. బానిసలు పండించిన చక్కెర కొనడం మానేయమని ఇంటింటికీ తిరిగి చెప్పింది. క్రమంగా అనడంవల్ల జనంలో కోపం చల్లారిపోతుందే తప్ప యజమానుల మనసు మారదని ఆమె వాదన. అదీ లెక్కే, మెరుగైన లెక్క. 1830లో మహిళా సంఘాలు, ‘క్రమంగా’ అన్న మాట తీసేయకపోతే డబ్బు ఇవ్వబోమని తేల్చిచెప్పాయి. ఆ ఏడాదే ఆ మాట పోయింది. 1833లో చట్టం వచ్చింది. హేరిక్ దాన్ని చూడలేదు, 1831లో చనిపోయింది.

ఇక్కడితో ఆపితే ఆదర్శవాదం గెలిచిన కథ అయిపోతుంది. కానీ ఆ చట్టంలో ఏముందో చూడాలి. సుమారు 8 లక్షల మందిని విడుదల చేసినందుకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చారు, బానిసలకు కాదు, యజమానులకు. విడుదలైనవాళ్లకు ఒక్క పైసా ఇవ్వలేదు. పైగా ‘అప్రెంటిస్‌షిప్’ పేరుతో చాలామందితో పాత యజమానుల దగ్గరే జీతంలేని చాకిరీ చేయించారు. అది 1838 దాకా సాగింది. ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలనైతే ఆ చట్టం పక్కనే పెట్టేసింది. ఆ చట్టానికి చేయెత్తడం సరైనదేనా? నేనైతే ఎత్తేవాణ్ణి, పళ్లు కొరుక్కుంటూ. అప్రెంటిస్‌షిప్‌ను తర్వాత తీసేయొచ్చు, తీసేశారు కూడా. అదే 1823 నాటి పెద్దల మాట విని హేరిక్ కరపత్రం అచ్చువేయడం మానేసి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. రాజీ పడాల్సింది ఓటింగ్ రోజున. అంతకు పదేళ్ల ముందే మన డిమాండ్‌ను మనమే తగ్గించి రాసుకోవడం వేరే పని. దాన్ని కూడా రాజీ అనే పిలుస్తుంటారు, నాకు మాత్రం అది భయంలా కనిపిస్తుంది.

ఇక మీ బిల్లు దగ్గరికి వస్తాను. సగం దొరకడంలో రెండు రకాలున్నాయి. అందరికీ కొంచెం తక్కువ దొరకడం ఒకటి. కొందరికి మొత్తం దొరికి, కొందరికి ఏమీ లేకపోవడం మరొకటి. పైకి రెండూ ‘గుడ్డికన్నా మెల్ల’ లాగానే కనిపిస్తాయి, కానీ ఆ తర్వాత జరిగేది వేరు. మొదటి రకంలో అందరికీ ఇంకా అడగడానికి కారణం ఉంటుంది కాబట్టి సంఘం నిలబడుతుంది. రెండో రకంలో గెలిచినవాళ్లు ఇంటికెళ్లిపోతారు. మిగిలినవాళ్లు మునుపటికన్నా తక్కువమందితో, మునుపటికన్నా బలహీనంగా పోరాడాలి.

ఇది ఊరికే సిద్ధాంతం కాదు, మీ రంగంలోనే జరిగింది. అమెరికాలో 1935లో సామాజిక భద్రత చట్టం, 1938లో కనీస వేతనాలూ పనిగంటల చట్టం వచ్చాయి. కార్మిక చరిత్రలో అవి పెద్ద విజయాలే. రెండింటిలోనూ పొలం పనివాళ్లను, ఇంటి పనివాళ్లను వదిలేశారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాళ్లలో ఎక్కువమంది చేసే పనులు అవే. ఆ రాష్ట్రాల సభ్యుల ఓట్లు లేకుండా చట్టం నెగ్గడం కష్టం. అప్పుడూ ‘తర్వాత చూద్దాం’ అనే అన్నారు. సామాజిక భద్రతలోకి ఇంటి పనివాళ్లు రావడం 1950లో మొదలైంది. కనీస వేతన చట్టం వాళ్లకు వర్తించింది 1974లో. అంటే 36 ఏళ్ల తర్వాత. అప్పుడు కూడా యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లకు ఓవర్‌టైమ్ హక్కు ఇవ్వలేదు. మీ బిల్లు మినహాయిస్తున్నది సరిగ్గా ఆ గుంపునే, గమనించారా? యజమాని ఇంట్లో ఉండే మనిషి సభకు రాలేదు, పక్కింటి పనిమనిషితో మాట్లాడటానికి కూడా అడగాలి, గొడవపడితే ఉద్యోగంతోపాటు నిద్రపోయే చోటు కూడా పోతుంది. తర్వాత చూద్దాం అనేది ఎవరి గురించైతే అంటున్నారో, తర్వాత అడగడానికి అందరికన్నా తక్కువ శక్తి ఉన్నది వాళ్లకే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందం ఇంటి పనివాళ్లందరినీ కలుపుకుంది, ఇంట్లో ఉండేవాళ్ల గురించి విడిగా రక్షణలు కూడా రాసింది. కాబట్టి ‘అలా ఎక్కడా లేదు’ అని ఎవరైనా అంటే అది చూపించండి.

అయినా ఒక మాట చెప్పాలి. 1938 చట్టం అసలు రాకపోయి ఉంటే 1974లో సవరించడానికి ఏమీ ఉండేది కాదు. మీ పెద్దలు చెప్పేదాంట్లో ఉన్న బలం ఇదే, దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

రాల్స్ మీద మీకున్న ఇష్టం ఇక్కడ బాగా పనికొస్తుంది. 1971 నాటి ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’ గురించి మీ అన్నయ్యలాంటివాళ్లు చేసే ఫిర్యాదు తెలిసిందే. అందరూ నియమాలు పాటించే సమాజాన్ని ఊహించుకుని సూత్రాలు రాశాడు, అలాంటి సమాజం ఎక్కడుంది అని. కానీ ఆయన చెప్పిన అజ్ఞానపు తెరను, అంటే సమాజంలో మన స్థానం ఏదో మనకే తెలియదనుకుని నియమాలు ఎంచుకునే ఊహను, మీ బిల్లుకు కట్టి చూడండి. మీరు రోజూ వచ్చి వెళ్లే పనిమనిషో, ఇంట్లోనే ఉండే పనిమనిషో మీకు తెలియదనుకోండి. ఈ బిల్లు కావాలా? మినహాయింపు లేని బిల్లు ఎదురుగా ఉంటే ఎవరూ దీన్ని కోరుకోరు. అసలు చట్టమే లేని పరిస్థితి ఎదురుగా ఉంటే, చాలామంది దీన్నే కోరుకోవచ్చు. తెర అదే, మనిషీ అదే, పక్కన పెట్టి చూసేది మారగానే జవాబు మారిపోయింది.

అమర్త్య సేన్ 2009లో ‘ది ఐడియా ఆఫ్ జస్టిస్’లో పట్టుకున్నది ఇదే. రెండు పర్వతాల్లో ఏది ఎత్తో చెప్పడానికి ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనది ఎవరెస్ట్ అని తెలియనక్కర్లేదు అంటాడు. పూర్తి న్యాయం ఎలా ఉంటుందో తేలేదాకా ఆగకుండా, కళ్లముందున్న రెండింటిలో తక్కువ అన్యాయమైనది ఎంచుకోవచ్చని ఆయన వాదన. మీ పెద్దలు ఈ పుస్తకం చదివి ఉంటే దీన్నే మీ మీద ప్రయోగించేవాళ్లు. దానికి రాల్స్ వైపు నుంచి జాన్ సిమన్స్ అనే తత్వవేత్త 2010లో ఒక వ్యాసంలో జవాబిచ్చాడు. మనం ఎత్తులు పోల్చడంతో ఆగడం లేదు, ఒక చోటికి వెళ్లాలనుకుంటున్నాం. ఇవాళ కొంచెం పైకి తీసుకెళ్లే అడుగు, చివరికి చేరాల్సిన చోటికి దారి మూసేయొచ్చు. గమ్యం ఎటుందో తెలియకపోతే ఆ సంగతి కనిపెట్టలేం. నాకు ఈ తగవులో సేన్ వైపు ఎక్కువ మొగ్గు. ఒక్క ఈ విషయంలో మాత్రం సిమన్స్‌దే పైచేయి అనుకుంటాను. మీ బిల్లు నిన్నటికన్నా ఎత్తులో ఉంది, అందులో అనుమానం లేదు. అది ఇంట్లో ఉండేవాళ్ల దాకా వెళ్లే దారి తెరిచి ఉంచుతుందా, మూసేస్తుందా అన్నది తేలాలి. అది తేల్చేది తత్వశాస్త్రం కాదు, బిల్లులోని ఒక్క క్లాజు.

అందుకని ముందు ఆ క్లాజు ఎలా రాశారో చూడండి. ‘ఈ చట్టం ఫలానా వారికి వర్తించదు’ అని మూసేశారా, ‘ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఫలానా వారికి వర్తింపజేయవచ్చు’ అని తెరిచి ఉంచారా? మొదటిదైతే మళ్లీ చట్టసభ దాకా వెళ్లి సవరణ తేవాలి, అంటే మరో తరం పట్టొచ్చు. రెండోదైతే అధికారంలో ఉన్నవాళ్లను ఒప్పిస్తే ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది. మినహాయింపు పూర్తిగా పోవాలని సవరణ పెట్టించండి. అది నెగ్గకపోతే, కనీసం ఈ నోటిఫికేషన్ అధికారాన్ని చేర్పించే రెండో సవరణ సిద్ధంగా ఉంచుకోండి. ఫిర్యాదుల బోర్డులో ఇంట్లో ఉండి పనిచేసేవాళ్ల ప్రతినిధికి ఒక స్థానం అడగండి. చట్టం వర్తించకపోయినా, వాళ్ల పేరు చట్టంలో ఎక్కడో ఒకచోట ఉండటం తర్వాత పనికొస్తుంది. ఎవరు ఒప్పుకుంటారు, ఎవరు ఒప్పుకోరు అనే జాబితా తయారుచేయాలి. ఆ పని మీ అన్నయ్యకు అప్పజెప్పొచ్చు, ప్రాక్టికల్ మనిషి కదా.

ఇంకొకటి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంట్లో ఉండి పనిచేసేవాళ్లు ఏమంటున్నారో అందులో ఒక్క మాట లేదు. మీ సంఘంలో వాళ్లెవరూ లేరా? రాజీ పడటం తప్పా ఒప్పా అన్న చర్చ ఎక్కువగా ఆ రాజీకి ధర కట్టాల్సిన అవసరం లేనివాళ్ల మధ్యే నడుస్తుంది. మీ పెద్దలు వాళ్ల తరఫున ఒప్పేసుకుంటున్నారు, మీరు వాళ్ల తరఫున కోప్పడుతున్నారు. ఇద్దరూ వెళ్లి అడగండి. ‘మిగతావాళ్లకైనా రానివ్వండి, మా కోసం ఆగొద్దు’ అని వాళ్లు అనొచ్చు. ‘మమ్మల్ని వదిలేస్తే మళ్లీ మా మొహం చూడకండి’ అనీ అనొచ్చు. మొదటిదైతే మీకు నచ్చకపోయినా చేయెత్తండి. రెండోదైతే మీ పెద్దలకు ఆ మాట వాళ్ల నోటితోనే వినిపించండి. పుస్తకాలు చదివినవాళ్లం మనం ఈ అడుగు తరచూ మరిచిపోతాం, అడిగితే వచ్చే జవాబు మన సిద్ధాంతానికి సరిపడకపోతుందేమోనని.

మీరు అమాయకురాలా అని అడిగారు. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919 జనవరిలో మ్యూనిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగంలో రెండు రకాల నీతి గురించి చెప్పాడు, నమ్మకానికి కట్టుబడే నీతి, పర్యవసానాలకు బాధ్యత వహించే నీతి. చాలామంది ఆయన రెండోదాన్నే సమర్థించాడనుకుంటారు. చివరి పేజీల దాకా వెళితే, బాధ్యతంతా తూచి చూసుకున్నాక కూడా ఒకచోట ఆగి ‘ఇంతకుమించి నావల్ల కాదు’ అనే మనిషి తనను కదిలిస్తాడని ఒప్పుకుంటాడు. అసాధ్యమైనదాని కోసం పదేపదే ప్రయత్నించకపోయి ఉంటే, సాధ్యమైనది కూడా దక్కేది కాదనీ అంటాడు. మీరు పర్యవసానాల గురించి ఆలోచిస్తూనే ఉన్నారు, అందుకే నిద్ర పట్టడం లేదు. అమాయకులైతే ఈపాటికి రాజీనామా పడేసి హాయిగా పడుకునేవాళ్లు.

సంఘం వదిలేయడం గురించి. ఇప్పుడే వద్దు. సవరణ పెట్టాలంటే లోపల ఉండాలి, జాబితా చేతికి రావాలంటే లోపల ఉండాలి. అలాగని బయటికి రావడం ఎప్పుడూ పిరికితనమో, అహంకారమో అనుకోకండి. హిందువుల పెళ్లి, వారసత్వ చట్టాలను మార్చే హిందూ కోడ్ బిల్లు ఆగిపోయాక అంబేద్కర్ 1951లో కేంద్ర మంత్రి పదవి వదిలేశారు. ఎందుకు వదిలేస్తున్నారో వివరంగా రాసి పత్రికలకు విడుదల చేశారు. ఆ బిల్లు తర్వాత నాలుగు ముక్కలై 1955, 56లలో చట్టాలుగా వచ్చింది. అందులోనూ మిగిలిపోయింది ఒకటుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతోనే కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు దేశమంతటికీ రావడానికి 2005 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన రాజీనామా బిల్లును గెలిపించిందని నేను అనను. కానీ ఏం అడిగారో, ఎక్కడ ఆగిందో ఆ కాగితంలో నిలిచిపోయింది. ‘అందరూ ఒప్పుకున్నారు’ అని తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు.

కాబట్టి రెండు సందర్భాల్లో మాత్రం బయటికి రండి. ఇంట్లో ఉండి పనిచేసేవాళ్లను అడగడానికే సంఘం ఒప్పుకోకపోతే ఒకటి. ఓడిపోతుందని తెలిసినా సవరణను కార్యవర్గం తీర్మానంగా రికార్డు చేయడానికి నిరాకరిస్తే రెండోది. మిగతా ఏ సందర్భంలోనైనా, బిల్లు మినహాయింపుతోనే నెగ్గినా సరే, లోపలే ఉండండి. చట్టం వచ్చిన మరుసటి వారమే ఆ ఒక్క క్లాజు మీద కొత్త దరఖాస్తు పెట్టే పనికి ఒక కమిటీ కావాలి. అది వేయాలని బిల్లుకు మద్దతు తీర్మానం చేసే రోజునే, అదే కాగితంలో రాయించండి. మద్దతు వాక్యం పైన, కమిటీ వాక్యం కింద. రెంటికీ కలిపి ఒకే ఓటు.